మచ్చను ఎందుకు దాచుకుంటారు?

“కుష్టు” అన్న మాట వినగానే మీ కళ్ళముందు ఏ బొమ్మ కదులుతుంది? నేను చెప్పనా? గుడి మెట్ల పక్కనో, రైలు స్టేషను బయటో, వేళ్ళు పోయిన చేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని, ముందు సత్తుగిన్నె పెట్టుకుని కూర్చున్న ముసలి మనిషి. ముక్కుదూలం కుంగిపోయి ఉంటుంది. కనుబొమల మీద వెంట్రుకలు ఉండవు. అవునా? పల్లెలో రైతును అడిగినా ఇదే చెబుతాడు. వైద్య కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థిని అడిగినా ఇదే చెబుతాడు.

ఇప్పుడు ఇంకో మనిషిని చూడండి. వయసు ముప్ఫై రెండు. బ్యాంకులో ఉద్యోగం. వీపు మీద అరచేయంత మచ్చ వచ్చింది. చుట్టుపక్కల చర్మం కంటే కొంచెం రంగు తక్కువ. దురద లేదు, నొప్పి లేదు. బనీను వేసుకుంటే కనపడదు. ఆరు నెలలు మందుబిళ్ళలు మింగాడు. నయమైంది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పక్క సీటులో పనిచేసేవారికి కూడా ఈ సంగతి తెలియదు.

ఈయనకు వచ్చినది కూడా కుష్టే. ఈ రోజుల్లో మా ఆస్పత్రులకు కొత్తగా వచ్చేవారిలో ఎక్కువమంది ఈ రెండో మనిషిలాంటివారే. కానీ మీ కళ్ళముందుకు వచ్చినది మొదటి మనిషి. ఎందుకని?

ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం. జబ్బు గురించి కూడా చెబుతాను గాని, దాని చుట్టూ మన మనసులో పేరుకున్న అభిప్రాయం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. కుష్టుకు మంచి మందు వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ మందు చేరవలసిన చోటికి చేరకుండా అడ్డం పడుతున్నది క్రిమి కాదు, మన అభిప్రాయం.

మనసులో మూస

వెనకటి పెద్ద పెద్ద అచ్చాఫీసులలో ఒక పద్ధతి ఉండేది. పేజీకి కావలసిన అక్షరాలన్నీ పేర్చాక, దానిమీద అద్ది ఒక మూస తీసేవారు. ఆ మూసలో కరిగిన లోహం పోసి పలక తయారు చేసేవారు. ఇక ఆ పలకతో ఎన్ని వేల కాపీలు కావాలన్నా తీసుకోవచ్చు. మధ్యలో ఒక్క అక్షరం మార్చాలంటే మాత్రం సులభం కాదు. ఆ పలకను ఇంగ్లీషులో స్టీరియోటైపు అంటారు. 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికా పత్రికా రచయిత ఈ అచ్చాఫీసు మాటను తీసుకుని మనుషుల ఆలోచనకు వాడాడు. మనం ముందు చూసి తరువాత ఒక అభిప్రాయానికి రావడం లేదు, ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని దాని ప్రకారం చూస్తున్నాం అని ఆయన వాదన. అప్పటినుంచి మనస్తత్వ శాస్త్రంలో ఆ మాట స్థిరపడిపోయింది.

మూస లేకుండా మనిషి బతకలేడు. పడగ విప్పిన పామును చూసి, “ఇది ఏ జాతిదో, విషం ఉందో లేదో కనుక్కుందాం” అని ఎవరూ నిలబడరు కదా. తప్పు ఎక్కడ వస్తుందంటే, మూస తయారు కావడానికి మనసు ఏ సరుకు వాడుకుంది అన్న దగ్గర. నయమైన బ్యాంకు ఉద్యోగి తన సంగతి ఎవరితోనూ చెప్పడు. వైద్యం అందక, ఆలస్యమై, అవయవాలు పోగొట్టుకున్న మనిషి మాత్రం బజారులో కూర్చుని ఉంటాడు. కనపడేది ఒక్కడు. కనపడనివారు వందమంది. మనసు కనపడిన ఒక్కడినే లెక్కలో వేసుకుంటుంది. “కుష్టు అంటే ఇది” అని పలక పోసి పెట్టుకుంటుంది.

మన తెలుగునాట ఈ పలకకు మెరుగుపెట్టినవాటిలో నాటకాలు, సినిమాలు కూడా ఉన్నాయి. ‘రక్తకన్నీరు’ నాటకం ఎన్ని ఊళ్ళు తిరిగిందో పెద్దవాళ్ళకు తెలుసు. నాగభూషణం గారికి అది ఇంటిపేరే అయిపోయింది. అందులో నాయకుడు తాగుడుకు, వేశ్యకు అలవాటు పడి, ఇంట్లోవాళ్ళను ఏడిపించి, చివరికి కుష్టుతో కుళ్ళిపోతాడు. ఆయన నటన గురించి నేను చెప్పేదేమీ లేదు, పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వైద్యం మాత్రం తప్పు. కుష్టు సుఖవ్యాధి కాదు. తాగుడుకూ దానికీ సంబంధం లేదు. గుడికి తప్ప మరెక్కడికీ వెళ్ళని ముసలమ్మకు వస్తుంది, ఐదో తరగతి చదివే పిల్లవాడికీ వస్తుంది.

“పాపం” అనే మాటలో రెండు అర్థాలు

మన భాషలో ఒక చిత్రం ఉంది. ఎవరైనా బాధపడుతుంటే “పాపం!” అంటాం. జాలిపడ్డామన్నమాట. “వాడు చేసుకున్న పాపం” అని కూడా అంటాం. తప్పు వాడిదేనన్నమాట. ఒకే నోట, ఒకే మనిషి గురించి, ఒక్క నిమిషం తేడాలో ఈ రెండూ వినవచ్చు. కుష్టు విషయంలో నేను మరీ ఎక్కువ విన్నాను.

ఇది మన దేశపు కర్మ సిద్ధాంతం వల్ల మాత్రమే వచ్చినది అనుకోకండి. మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో, తన సహచరురాలితో కలిసి, అమెరికాలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. కొందరు కాలేజీ అమ్మాయిలకు, తమలాంటి మరో అమ్మాయి పాఠం తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తింటున్నట్టు చూపించారు. నిజానికి షాకు లేదు, అంతా నటన. ఆమె బాధను తప్పించే అవకాశం తమ చేతిలో ఉందనుకున్నవాళ్ళు ఆమె గురించి మంచిగానే మాట్లాడారు. ఆపే దారిలేక చూస్తూ కూర్చోవలసి వచ్చినవాళ్ళు మాత్రం ఆమెను తక్కువ చేసి మాట్లాడడం మొదలుపెట్టారు. లోకం న్యాయంగా నడుస్తోంది అని నమ్మితేనే మనకు రాత్రి నిద్రపడుతుంది. ఏ తప్పూ చేయనివాడికి అంత కష్టం వస్తే, రేపు నాకూ రావచ్చు కదా! ఆ భయం భరించడం కంటే వాడే ఏదో చేసి ఉంటాడు అనుకోవడం తేలిక.

దీనికి తోడు అసహ్యం అనేది ఒకటి ఉంది. అది భయం కంటే వేగంగా పనిచేస్తుంది, బుద్ధిని అడగదు. కుళ్ళిన పదార్థం, పుండు, రూపం మారిన ముఖం చూడగానే ఒళ్ళు వెనక్కి లాగుతుంది. ఆదిమ కాలంలో అది ప్రాణరక్షణకు ఉపయోగపడి ఉంటుంది. కానీ అది కంటికి కనపడే రూపాన్ని చూస్తుందే గాని క్రిమిని చూడలేదు. బస్సులో మీ పక్కన కూర్చుని రెండు వారాలనుంచి దగ్గుతున్న మనిషికి క్షయ ఉండవచ్చు. క్షయ కుష్టు కంటే ఎన్నో రెట్లు సులభంగా సోకుతుంది. అయినా మీరు సీటు మారరు. పదిహేనేళ్ళ క్రితం కుష్టు పూర్తిగా నయమై, వేళ్ళు మాత్రం వంకరగా మిగిలిపోయిన మనిషి ఎక్కితే, బస్సులో సగంమంది లేచి నిలబడతారు. అతని ఒంట్లో బతికి ఉన్న క్రిమి ఒక్కటి కూడా ఉండదు.

అసలు అంటుకునే సంగతి

కుష్టు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. 1873లో నార్వేలోని బెర్గెన్ పట్టణంలో హాన్సెన్ అనే డాక్టరు దాన్ని కనుక్కున్నాడు. అందుకే దీన్ని హాన్సెన్ వ్యాధి అని కూడా అంటారు. అంతవరకు ఇది వంశపారంపర్యమని పెద్ద పెద్ద వైద్యులే నమ్మేవారు. మన ఊళ్ళలో ఇప్పటికీ నమ్ముతున్నారు. తండ్రికి ఉంటే బిడ్డకు రక్తంలో రాదు.

ఈ క్రిమి మహా బద్ధకస్తురాలు. పేగులలో ఉండే కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతాయి. ఇది ఒకటి రెండు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకని ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి సగటున ఐదేళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళు కూడా పట్టవచ్చు. మనలో నూటికి దాదాపు 95 మందికి దీన్ని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. వైద్యం తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మసలితే, అతని ముక్కునుంచి, నోటినుంచి వచ్చే తుంపరల ద్వారా, మిగిలిన ఆ కొద్దిమందిలో ఎవరికైనా సోకవచ్చు. చేయి కలిపినందువల్ల రాదు. పక్కన కూర్చుంటే రాదు. ఒకే కంచంలో తింటే రాదు. మన మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నాకు అనుమానం. “అంటువ్యాధి” అనగానే ముట్టుకుంటే వచ్చేది అని అర్థం చేసుకుంటాం. “అంటు” అన్న మాట చుట్టూ మన సమాజంలో ఇంకా ఏమేమి అల్లుకుని ఉన్నాయో మీకు చెప్పనక్కరలేదు.

మందు మొదలుపెట్టాక కొద్ది రోజులలోనే రోగి నుంచి ఇతరులకు సోకే గుణం పోతుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని సిఫారసు చేశారు. జబ్బు తీవ్రతను బట్టి 6 నెలలో, 12 నెలలో వాడాలి. అంతే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

ఒక ఉత్తరం

కొంతకాలం క్రితం శ్రీకాకుళం వైపునుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. డిగ్రీ చదివింది. తండ్రికి ఇరవై ఏళ్ళ క్రితం కుష్టు వచ్చి నయమైంది. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు వంగిపోయి మిగిలాయి. ఈ కారణంగా రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది మాటల్లో ఉంది. పెళ్ళిచూపుల రోజు తండ్రి కుడిచేయి కండువా కింద పెట్టుకునే కూర్చున్నాడట. ఇంతవరకు చాలామంది రాసేదే. అసలు సంగతి చివర రాసింది. ఆమె తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు. మోచేతి కింద రాగిరంగు మచ్చ ఒకటి కనపడింది. చీమ కుట్టినా తెలియడం లేదట. ఆ కుర్రాడు ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నాడు. “అక్కా, నీ పెళ్ళి కానీ. తరువాత చూపించుకుంటాను” అంటున్నాడు. “డాక్టరు గారూ, ఆరు నెలలు ఆగితే ఏమైనా ప్రమాదమా?” అని ఆమె ప్రశ్న.

ప్రమాదమేనమ్మా. ఒక్క నెల కూడా ఆగవద్దు.

ఎందుకో చెబుతాను. కుష్టు క్రిమికి చర్మం కంటే నరాలు ఎక్కువ ఇష్టం. మోచేతి వెనక, మోకాలి పక్కన, చీలమండ దగ్గర చర్మానికి దగ్గరగా పోయే నరాలను పట్టుకుంటుంది. మోచేతి నరం దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరం వేలు వంగిపోతాయి. ఆ తండ్రికి జరిగినది అదే. కొడుక్కి మచ్చ కూడా ఆ చేతి మీదే ఉంది. నరం బలహీనపడిన ఆరు నెలల లోపల చూపించుకుంటే చాలావరకు కోలుకోవచ్చు. ఆ గడువు దాటితే క్రిమి చస్తుంది గాని పోయిన బలం తిరిగి రావడం కష్టం.

జనం అనుకునేటట్టు కుష్టులో వేళ్ళు వాటంతట అవి రాలిపోవు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివరినుంచి పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జను ఈ విషయం నిరూపించడానికి చాలా శ్రమపడ్డాడు. వంకరపోయిన వేళ్ళకు స్నాయువులు మార్చి కుట్టి మళ్ళీ ముడుచుకునేటట్టు చేసినది కూడా ఆయనే. నొప్పి తెలియకపోవడమే అసలు కారణమని ఆయన గట్టిగా చెప్పాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. కాలిలో మేకు దిగినా తెలియదు. నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక అరుగుతుంది. ఇదంతా నెలలమీద, ఏళ్ళమీద జరిగే పని. మొదట్లోనే మందు పడితే ఇందులో ఒక్కటీ జరగదు.

ఇప్పుడు ఆ కుర్రాడి పరిస్థితి చూడండి. అతనికి వెలి భయం. అందుకని మచ్చ దాస్తున్నాడు. దాచడం వల్ల నరం పోతుంది. నరం పోతే చేయి వంకరపోతుంది. వంకరపోయిన చేయిని ఊరు చూస్తుంది. “చూశారా, కుష్టు అంటే ఇలాగే అవుతుంది. పైగా ఆ ఇంట్లో తండ్రికీ ఉంది, కొడుక్కీ వచ్చింది, రక్తంలోనే ఉంది” అంటుంది. ఆ వీధిలోనే మచ్చ ఉన్న ఇంకో ఆడపిల్ల ఆ మాట విని తన మచ్చ మీద పైట ఇంకొంచెం లాక్కుంటుంది. మన దురభిప్రాయానికి మనం చూపించే సాక్ష్యం, ఆ దురభిప్రాయమే తయారు చేసిన సాక్ష్యమన్నమాట. కోర్టులో ఇలాంటి సాక్ష్యం చెల్లదు. వీధిలో చెల్లుతుంది.

తండ్రి సంగతి పెళ్ళివారితో చెప్పాలా అని కూడా ఆమె అడిగింది. పాతికేళ్ళ క్రితం తండ్రికి టైఫాయిడ్ వచ్చి తగ్గిందని ఎవరైనా చెబుతారా? ఇదీ అంతే. వైద్యం ప్రకారం చెప్పవలసిన అవసరమేమీ లేదు. కానీ కనపడే చేతిని కండువా కింద పెట్టడం కంటే, “వెనక జబ్బు చేసింది, నయమైంది, నరం దెబ్బతిని వేళ్ళు ఇలా ఉండిపోయాయి” అని నిబ్బరంగా చెప్పడమే మేలని నా అభిప్రాయం. కండువా కిందికి ఎప్పుడూ ఎవరో ఒకరు తొంగిచూస్తారు. తమ్ముడిని మాత్రం వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళమన్నాను. సొంత మండలంలో మొహమాటమైతే జిల్లా ఆస్పత్రికి వెళ్ళమన్నాను.

ఒంట్లోనే కాదు, నడతలోనూ

ఇలా సాక్ష్యం తయారు చేయడం మనిషి నడవడిలో కూడా జరుగుతుంది. 1974లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. తెల్ల విద్యార్థులచేత ఉద్యోగపు ఇంటర్వ్యూలలాంటివి చేయించారు. వచ్చినవాడు నల్లవాడైతే వాళ్ళు కుర్చీ దూరంగా వేసుకున్నారు, మాటలో ఎక్కువ తడబడ్డారు, త్వరగా ముగించారు. ఇంతలో ఆశ్చర్యమేమీ లేదు. రెండో భాగం చూడండి. ఈసారి ఇంటర్వ్యూ చేసేవారికి శిక్షణ ఇచ్చి, కొందరు తెల్ల అభ్యర్థులతోనే ఆ విధంగా ముభావంగా, దూరంగా ప్రవర్తింపజేశారు. ఆ తెల్లవాళ్ళు కూడా తడబడ్డారు, జవాబులు సరిగా చెప్పలేకపోయారు. లోపం అభ్యర్థిలో లేదు, ఎదుటివాడి కుర్చీ దూరంలో ఉంది.

కుష్టు నయమైనవారి గురించి “వాళ్ళు కలుపుగోలుగా ఉండరండీ, ఏదో అనుమానంగా చూస్తారు” అని నాతో అన్నవాళ్ళు ఉన్నారు. పెళ్ళిభోజనంలో పది సార్లు చివరి ఆకు దగ్గర కూర్చోబెడితే, పదకొండోసారి పిలిచినా మనిషి రాడు. టీ కొట్టులో తనకోసం వేరే గ్లాసు మేకుకు వేలాడుతుంటే, ఆ కొట్టువైపే పోడు. కొన్నాళ్ళకు ఎదుటివాళ్ళు అనుకునేదే తానూ నమ్ముతాడు. అలా నమ్మి, మనవడిని ఎత్తుకోవడానికి చేతులు చాచని తాతలను చూశాను. నయమై ఎనిమిదేళ్ళయినా విడిగా చాప వేసుకుని పడుకునే ఇల్లాలిని చూశాను. ఎవరూ వేరే పడుకోమనలేదు. “ఎందుకులెండి” అంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1990లలో, కుష్టు నివారణ కార్యక్రమానికి ప్రత్యేకంగా సిబ్బంది ఉండేవారు. మా వైపు పనిచేసిన ఒక పెద్దాయన సైకిలు ఎప్పుడూ రెండు వీధుల అవతల పెట్టి నడిచి వెళ్ళేవాడు. ఆ సైకిలు ఏ ఇంటిముందు ఆగితే ఆ ఇంటికి పేరు వస్తుంది మరి. ఆయన సంచిలో మందులతోపాటు ఎప్పుడూ ఒక పంచాంగం ఉండేది. ఎవరైనా అడిగితే ముహూర్తం చెప్పడానికి వచ్చానని చెప్పుకోవడానికి! నవ్వు వస్తుంది గాని, ఆ పంచాంగం ఎన్నో వేళ్ళను కాపాడింది.

మా వైద్యవృత్తిలో కూడా ఈ మూస లేదని అనను. ఒక ఆస్పత్రిలో (పేరు ఎందుకులెండి) పాదానికి పుండుతో వచ్చిన పాత రోగి చీటీని ఎప్పుడూ అన్ని చీటీల అడుగున పెట్టేవారు. కట్టు కట్టేవాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, పటకారుతో దూరంనుంచే పని ముగించేవాడు. ఆ పుండులో ఉన్నవి మామూలు చీము క్రిములే. మధుమేహం ఉన్న ఆసామి పాదానికి వచ్చే పుండు కూడా అలాంటిదే. ఆయనను మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు.

చట్టం కూడా ఆలస్యంగానే కళ్ళు తెరిచింది

1898లో బ్రిటిష్‌వారు చేసిన చట్టం ప్రకారం, దిక్కులేని కుష్టు రోగిని పోలీసులు వారెంటు లేకుండా పట్టుకుని ఆశ్రమానికి పంపవచ్చు. ఆ చట్టం వర్తించిన చోట్ల రోగి ఊరబావిలో నీళ్ళు తోడుకోకుండా, అమ్మకానికి తినుబండారాలు చేయకుండా, కిరాయి బండి ఎక్కకుండా నిషేధించవచ్చు. అది పూర్తిగా రద్దయినది 2016లో. 2008లో కూడా, కుష్టు ఉన్నవాడు పురపాలక సంఘానికి పోటీ చేయకూడదన్న ఒడిశా చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు మన వివాహ చట్టాలలో 2019 వరకు ఉంది. ఆరు నెలల్లోనో ఏడాదిలోనో నయమయ్యే జబ్బు, విడాకులకు కారణంగా, మందు వచ్చాక కూడా దాదాపు నలభై ఏళ్ళు చట్టంలో నిలిచిందన్నమాట.

2005 డిసెంబరు నాటికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికన్నా తక్కువకు దిగింది. దాన్ని “నిర్మూలన” అన్నారు. ఆ మాటతో చిక్కు వచ్చింది. జబ్బు లేదనుకున్నారు జనం. చిన్న డాక్టర్లలో కూడా చాలామంది అలాగే అనుకుని, స్పర్శలేని మచ్చకు తామర మందు రాసి నెలలు గడుపుతున్నారు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్టు రోగులలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు. ఇటీవలి సంవత్సరాలలో ఈ సంఖ్య ఏటా లక్షకు అటూ ఇటూగా ఉంటోంది.

పళ్ళు పంచితే పోదు

గాంధీగారి వర్ధంతి జనవరి 30ని కుష్టు వ్యతిరేక దినంగా జరుపుతారు. ఆ రోజు పెద్దమనుషులు కాలనీలకు వెళ్ళి పళ్ళు, దుప్పట్లు పంచుతారు. ఫొటోలు తీసుకుంటారు. దుప్పటి అవసరమే, కాదనను. కానీ దానివల్ల దురభిప్రాయం తగ్గుతుందని మాత్రం నేను నమ్మను. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే హార్వర్డు ఆచార్యుడు దురభిప్రాయం స్వభావం గురించి పెద్ద గ్రంథం రాశాడు. రెండు వర్గాలవారు కేవలం కలిస్తే చాలదు, సమానస్థాయిలో కలవాలి, ఒకే పనికోసం కలిసి పాటుపడాలి, పెద్దల మద్దతు ఉండాలి అని ఆయన చెప్పాడు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్నప్పుడు ఆ మూస ఇంకా గట్టిపడుతుంది. అదే నయమైన మనిషి కుట్టు మిషను దగ్గర మీ చొక్కా కొలత తీసుకుంటే, నెల తిరిగేసరికి మీకు అతని వేళ్ళు గుర్తుండవు. చొక్కా ఆలస్యమైందన్న కోపం గుర్తుంటుంది. అలా ఉండాలి.

కుష్టు రోగులను విడిగా కాకుండా మామూలు ఓపీలోనే, జ్వరం రోగుల వరుసలోనే చూడడం ఈ లెక్కన చాలా మంచి పని. 2000 తరువాత ఆ పద్ధతి వచ్చింది. ప్రత్యేక సిబ్బంది తగ్గడం వల్ల నష్టం కూడా జరిగింది. అయినా ఆ వరుసలో నిలబడడమే సగం వైద్యం.

ఇంట్లో చూసుకోవలసినవి

ఒంటిమీద రంగు తగ్గిన మచ్చగాని, ఎర్రటి మచ్చగాని కనపడి, అక్కడ దురద, నొప్పి లేకపోతే ఈ చిన్న పరీక్ష చేయండి. మనిషిని కళ్ళు మూసుకోమని, దూది పోగుతోగాని బాల్‌పెన్ను కొనతోగాని మచ్చమీద మెల్లగా తాకించండి. ఎక్కడ తాకిందో వేలితో చూపించమనండి. పక్క చర్మం మీద చూపించి, మచ్చమీద చూపించలేకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి. సూదులతో గుచ్చడం, అగరువత్తి అంటించడం లాంటి పరీక్షలు వద్దు. పాలలా తెల్లగా ఉండి, స్పర్శ బాగా తెలిసే మచ్చ బొల్లి కావచ్చు. దాన్ని కొందరు “తెల్ల కుష్టు” అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని ఎన్ని పెళ్ళిళ్ళు చెడగొట్టాడో! బొల్లికీ కుష్టుకూ ఏ సంబంధమూ లేదు. అది ఎవరికీ సోకదు కూడా.

చేతులు, కాళ్ళు మొద్దుబారడం, చెప్పు తెలియకుండా జారిపోవడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, కన్ను పూర్తిగా మూతపడకపోవడం కూడా గమనించాలి.

మందు వాడుతున్నప్పుడు మొదటి రోజుల్లో మూత్రం ఎర్రగా రావచ్చు, రక్తం కాదు. ఒక మందువల్ల చర్మం నల్లబడుతుంది. దీనితో ఊళ్ళో తెలిసిపోతుందని చాలామంది మధ్యలో మానేస్తారు. మానవద్దు. కోర్సు ముగిశాక కొద్ది నెలల్లో ఆ రంగు తగ్గిపోతుంది. ఎవరైనా అడిగితే ఎండకు కమిలిందని చెప్పండి, అబద్ధమైనా నాకు అభ్యంతరం లేదు. మచ్చలు ఒక్కసారిగా ఎర్రబడి వాచినా, నరం లాగినట్టు నొప్పిపెట్టినా, జ్వరం వచ్చినా మందు పడలేదనుకోకండి. అది ఒంట్లో జరిగే ప్రతిచర్య. మందు ఆపకుండా, ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంట్లో మిగతావారికి పరీక్ష చేసి, జబ్బు లేదని తేలితే, రిఫాంపిసిన్ అనే మందు ఒక్క మోతాదు ఇస్తారు. దానివల్ల జబ్బు వచ్చే అవకాశం సగానికి తగ్గుతుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకూ ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే తలుపు వేసుకోకండి.

స్పర్శ పోయిన పాదాలను రోజూ ఇరవై నిమిషాలు చల్లటి నీటిలో నానబెట్టి, తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోవాలి. పొయ్యిమీది గిన్నె మందపాటి గుడ్డతోనే దించాలి. మెత్తటి రబ్బరు అట్టతో చేసిన ప్రత్యేకమైన చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అవి చూడగానే ఫలానావాడని తెలుస్తుందని చాలామంది వాటిని అటకమీద పెట్టి, ఉత్త కాళ్ళతో తిరుగుతారు. ఆ మెత్తటి అట్టనే లోపల వేసి, పైకి మామూలు చెప్పుల్లా కుట్టించుకోవచ్చు. కొలత ఇచ్చేటప్పుడే అడగండి.